తీసికొనుటయా, తీయించుకొనుటయా

1858వ సంవత్సరమున చెన్నపట్టణపు మ్యూజియములో లిన్నేయస్ ట్రైప్ అను సైనికోద్యోగి యొకడు అమరావతీ స్తూపమునుండి వచ్చిన శిలాఫలకములకు ఛాయాచిత్రములు తీసెను. ఉత్తర సర్కారుల కమీషనరుగా నుండిన వాల్టర్ ఎలియట్ 1845లో ఆ ఫలకములను త్రవ్వించి చెన్నపట్టణమునకు పంపించియుండెను. అవి పెక్కేండ్లు ఎండకును వానకును ఓర్చి, ట్రైపు చిత్రించిన మఱుసటి యేడు ఓడనెక్కి లండనునకు తరలిపోయెను. కృష్ణాతీరమున ఒకానొక మహాశిల్పిసముదాయము చెక్కిన ఆ సున్నపురాతి కథలు దేశమును విడుచుటకు ముం దెట్లుండెనో మనకు తెలుపుటకు ఆ ఛాయాచిత్రములే ఆధారములైనవి.

ట్రైపు ఈ పనిని ఉబుసుపోకకు చేసినవాడు కాడు. అతడు 1856లో మదరాసు ప్రభుత్వమువారిచే ఛాయాగ్రాహకుడుగా నియమింపబడి, జీతము గొని, శిష్యులను సామగ్రిని వెంటబెట్టుకొని, శ్రీరంగము మధుర తంజావూరులు తిరిగి దేవాలయములను చిత్రించినవాడు. తంజావూరి బృహదీశ్వరాలయపు అధిష్ఠానముపై నున్న శాసనమును ఇరువదియొక్క చిత్రములుగా తీసి, అన్నిటిని చేర్చి ఒక్క పొడవాటి పటముగా కూర్చినవాడు. ఇంటివారిచేతనే బొమ్మ తీయింతమా, పని నేర్చినవానిని కుదుర్చుకొందమా యని నేటి గృహస్థుడు కుమార్తె వివాహమునకు ముందు వేసికొను ప్రశ్నను ఈ దేశమున ఆనాడే వేసికొన్నవారు ఈస్టిండియా కంపెనీ దొరతనమువారు. పురాతన కట్టడములను చిత్రకారులచేత గీయించుట వ్యయప్రయాసలతో కూడినదగుటచే, 1855 ప్రాంతమున కంపెనీ డైరెక్టర్లు ఇకమీదట ఛాయాచిత్రములే తీయవలెనని యుత్తరువులు పంపిరి; ఇంగ్లండులోని అడిస్కంబు సైనిక పాఠశాలలో హిందూదేశమునకు రాబోవు యువకులకు ఈ విద్య గఱపుటకు ఏర్పాటు చేసిరి. వంతెనలు కట్టు ఇంజనీరో, పటాలమును నడపు కెప్టెనో తన యుద్యోగముతోపాటే బొమ్మలును తీయునెడల, వేఱుగా నొకనికి జీతమీయనేల యని వారి యూహ.

మదరాసు ప్రభుత్వము మాత్రము కొంతకాలము వేఱుదారి త్రొక్కి ట్రైపును ప్రత్యేకముగా నియమించినది. ఆ ముచ్చట మూడు నాలుగేండ్లకంటె సాగలేదు. 1859లో గవర్నరుగా వచ్చిన సర్ చార్లెస్ ట్రెవెల్యన్ లెక్కలు చూచి, ఇది ప్రభుత్వమునకు తగని విలాసవ్యయమని తలచి, ఆ శాఖను ఎత్తివేయించెను. యంత్రము కొన్నపిమ్మట పని యూరకే జరుగునని ధనమిచ్చువారు భ్రమించుట అప్పటినుండియు ఉన్నదే.

ఉద్యోగులు తీరికవేళల తీసిన చిత్రములవలన ఎట్టి ఫలము కలిగెనో చూడదలచినవారికి 1868 మొదలు 1875 వఱకు ఎనిమిది సంపుటములుగా వెలువడిన ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ యను గ్రంథము చాలును. దానిలోని చిత్రములను చాలవఱకు దేశమందంతట నుండిన సైనికులును సివిలు అధికారులును తీసి పంపిరి. చిత్రసంఖ్య నాలుగు వందలు దాటినను, ఒకటి మిక్కిలి స్పష్టముగను, మఱియొకటి మసకగను ఉండుటయే కాక, అనేక చిత్రముల క్రింద కులనామమో జాతినామమో కలదు గాని కెమెరా యెదుట కూర్చున్న మనుష్యుని పేరు కానరాదు. తీసినవారు పాలకులు, తీయబడినవారు పాలితులు. తీయించుకొన్నవారు లేనే లేరు. తన బొమ్మను తాను కోరి తీయించుకొనుటకును, ఎవరో వచ్చి తీసికొనిపోవుటకును గల భేదము ఆ పుటలలో తెలియును.

ఆ కాలపు ఛాయాగ్రహణము తీరికగలవారికే సాధ్యమైనది. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ వెల్లడించిన కొలోడియన్ పద్ధతిలో గాజుపలకకు ద్రావకము పూసి, దానిని వెండిలవణపు నీటిలో ముంచి, తడియారకముందే కెమెరాలో నుంచి చిత్రించి, వెంటనే చీకటి గుడారములో కడుగవలెను. మన వేసవియెండలో తడి యారుట ఎంతసేపు? కావున ఛాయాగ్రాహకునివెంట గుడారము, గాజుపలకల పెట్టెలు, మందుసీసాలు, నీళ్ళు, వీనినన్నిటిని మోయుటకు కూలీలు తప్పనిసరి. బొంబాయిలో 1854లోను, కలకత్తాయందును చెన్నపట్టణమందును 1856లోను స్థాపింపబడిన ఛాయాగ్రాహక సంఘములలో వైద్యులు, సైనికులు, న్యాయాధికారులు, ధనికులు సభ్యులగుటలో వింత లేదు. చెన్నపట్టణపు సంఘమును స్థాపించిన డాక్టర్ అలెగ్జాండర్ హంటరు అక్కడి చిత్రకళాశాలను నెలకొల్పిన వైద్యుడు. సొంతముగా తీసికొనుట యనగా అప్పుడు పొదుపు కాదు, వైభవము. జయపురాధీశుడు సవాయి రామసింగు స్వయముగా కెమెరా పట్టి, తనను తానును, తన యంతఃపురస్త్రీలను చిత్రించెను. త్రిపుర మహారాజు బీరచంద్ర మాణిక్యుడును అట్టివాడే. నేడు సొమ్ము చాలనివాడు తానే తీసికొనును, సొమ్మున్నవాడు తీయించుకొనును. నూటయేబదియేండ్ల క్రిందట ఈ క్రమము తలక్రిందులుగా నుండెను.

హైదరాబాదు నిజాము మాత్రము తీయించుకొనువారి పక్షమున నిలిచెను. ఆ ప్రభువునకు లభించిన పనివాని కథయే ఈ చరిత్రమున మిక్కిలి రసవంతమైన ఘట్టము. మీరట్టు చేరువనున్న సర్ధనాలో 1844లో జన్మించిన లాలా దీనదయాళు రూర్కీ ఇంజనీరింగు కళాశాలయందు చదివి, 1866లో ఇండోరు మరమ్మతుశాఖలో అంచనాలు వేయుటకును పటములు గీయుటకును ఉద్యోగియై చేరెను. కట్టడపు కొలతలు నెఱిగిన ఆ కన్ను పదియేండ్లలోపల కెమెరావైపు మరలెను. అనగా ఆయన మొదట మన మిప్పుడు చెప్పు అభ్యాసకుడే. పగలు కచేరీపని, తీరిక దొరకినపుడు బొమ్మలు. సర్ హెన్రీ డేలీ, సర్ లెపెల్ గ్రిఫిన్ వంటి అధికారుల ప్రోత్సాహము లభింపగా మధ్యహిందూదేశమున సంచరించి ప్రాచీన నిర్మాణములను చిత్రించెను. పిదప సెలవు పెట్టి, ఆ సెలవే రాజీనామాగా పరిణమింపగా, ఛాయాగ్రహణమే జీవికగా సికిందరాబాదులో స్టూడియో తెఱచెను. నెలజీతము విడిచి కెమెరాను నమ్ముకొనుటకు ఎంత ధైర్యము కావలెనో, ఇప్పటికిని తండ్రులతో వాదించు యువకులను అడిగి తెలిసికొనవచ్చును.

ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను ఆయనను ఆస్థాన ఛాయాగ్రాహకునిగా గ్రహించి, 1894లో ‘రాజా ముసవ్విర్ జంగు బహదూర్’ అను బిరుద మిచ్చెను. నిజాము వేటలు, దర్బారులు, విందులు, సైన్యపు కవాతులు, ఫలక్‌నుమా సౌధపు గదులు, వీనితోపాటు క్షామకాలమున ప్రభుత్వము చేయించిన సహాయకార్యములు కూడ ఆయన పలకలపై నిలిచినవి. విక్టోరియా రాణియు ఆయనకు తన ఛాయాగ్రాహకుడను గౌరవ మొసగెను. ఐనను నా దృష్టిలో దీనదయాళుని వ్యాపారబుద్ధికిని మర్యాదజ్ఞానమునకును పరాకాష్ఠ యీ బిరుదులలో లేదు; 1892లో హైదరాబాదున ఆయన తెఱిపించిన జనానా స్టూడియోలో కలదు. ఘోషా పాటించు కుటుంబముల స్త్రీలు పరపురుషుని యెదుట కూర్చుండరు. ఇంటి పురుషులకు కెమెరా విద్య రాదు. అందువలన స్త్రీలచేతనే నడుపబడు స్టూడియో యొకటి యేర్పఱచి, కెన్నీ లెవిక్ అను ఆంగ్లవనితకు దానిని అప్పగించెను. నేర్పొక్కటియే చాలదనియు, బొమ్మ తీయువానికి ఆ యింటిలో నిలుచుటకు అర్హత యుండవలెననియు ఆయన గ్రహించెను. పనివానిని కుదుర్చుకొనువారు ధర యడుగుదురు, పనితనము చూతురు. మన నట్టింట వాడెట్లు మెలగునని అడుగువారు నేటికిని అరుదు.

దీనదయాళుడు సికిందరాబాదున రాణించుచున్న ఆ రోజులలోనే సముద్రముల కావల ఈ వృత్తి స్వరూపమును మార్చివేసిన సంఘటన జరిగెను. అంతకుముందే, 1871లో రిచర్డ్ లీచ్ మాడక్స్ సూచించిన జెలటిన్ పొడిపలక తడిపలక బాధను తప్పించెను. 1888లో అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్ కొడాక్ అను చేతికెమెరాను విడుదల చేసెను. దాని వెల 25 డాలర్లు. లోపల 100 చిత్రములకు సరిపడు ఫిలిము చుట్ట ముందే యుండును. కొన్నవాడు మీట నొక్కుటయే పని. చుట్ట ముగిసిన పిమ్మట కెమెరాను రాచెస్టరు నగరమునకు పంపినచో, 10 డాలర్లు గైకొని బొమ్మలు వేసి, క్రొత్త చుట్ట యెక్కించి తిరిగి పంపుదురు. 1900లో వచ్చిన బ్రౌనీ కెమెరా వెల ఒక్క డాలరే. దీనిని ఛాయాగ్రహణము సామాన్యుని చేతికి వచ్చుటగా అందఱును వర్ణింతురు, అది నిజమే. కాని ఈస్ట్‌మన్ పనిని పూర్తిగా సామాన్యునకు ఇచ్చివేయలేదు, పనిని రెండుగా కోసి, సులభమైన భాగము నిచ్చి, కష్టమైన భాగమును తనయొద్ద నుంచుకొనెను. నాటినుండి ఇంటివాని పనికిని వృత్తివాని పనికిని నడుమ నున్నది కోటగోడ కాదు, పొలముగట్టు. ఏటేట ఒకరివైపు కొంత జరుగుచునే యున్నది.

మన యూళ్ళలో ఆ గట్టు చాలకాలము స్టూడియోవైపే యొదిగియుండెను. బొమ్మ తీసినచో ఆయుష్షు క్షీణించునని వృద్ధులు భయపడిన దినములు పోయి, పెండ్లియైన క్రొత్తలో దంపతులు పట్టణమునకు పోయి, తోటలు మేడలు గీసిన తెఱయెదుట, భర్త కుర్చీలో కూర్చుండగా భార్య ప్రక్కన నిలిచి బొమ్మ తీయించుకొనుట యాచారమాయెను. స్టూడియో యజమాని నల్లగుడ్డలో తల దూర్చి, గడ్డము పైకెత్తుమనియు, కన్ను ఆర్పవలదనియు శాసించువాడు. స్వతంత్రానంతరము ఇండియాలోనే తయారైన ఆగ్ఫా క్లిక్ వంటి పెట్టెకెమెరాలు మధ్యతరగతి యిండ్లకు వచ్చినవి. రోలుకు పండ్రెండే బొమ్మలు. పండ్రెండింటిని తిరుపతి యాత్రకు ఆఱు, చంటివాని పుట్టినరోజునకు నాలుగు అని గృహయజమాని పంచుకొని, మిగిలిన రెంటికై నెలలు వేచి, తుదకు రోలును స్టూడియోలో కడిగించువాడు. సగము నల్లగా వచ్చినచో నింద మాత్రము కడిగినవానిదే. పెండ్లికి మాత్రము ఎవరును ఈ సొంత కెమెరాను నమ్ముకొనలేదు.

కదలుబొమ్మల విషయమున మన తెలుగువారిలో తొలుత ఈ ప్రశ్నను ఎదుర్కొన్నవాడును స్టూడియో నడిపినవాడే. మచిలీపట్టణమున 1869లో జన్మించిన రఘుపతి వెంకయ్యనాయుడు చెన్నపట్టణమున ఫోటో స్టూడియో నడుపుచు, 1910 ప్రాంతమున క్రోనోమెగాఫోను అను యంత్రమును తెప్పించి చలనచిత్రములు ప్రదర్శించెను. 1914లో మౌంటు రోడ్డున గెయిటీ థియేటరు కట్టెను. పరాయివారు తీసినవాని నెంతకాలము చూపుదమని తలచి, కుమారుడు ప్రకాశును ఇంగ్లండునకు పంపి ఆ విద్య నేర్పించెను. 1921లో తండ్రికొడుకుల ‘స్టార్ ఆఫ్ ది ఈస్ట్’ సంస్థ ‘భీష్మప్రతిజ్ఞ’ను నిర్మించెను. అంతకుముందు మహారాష్ట్రమున ఫాల్కేయు నిట్లే, ఛాయాగ్రాహకుడుగా బ్రదికి, లండనునుండి కెమెరా తెచ్చి, మొక్క మొలకెత్తి పెరుగు తీరును చిత్రించి చూపి ధనికుని నమ్మించి, 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ను వెలువరించెను. అద్దెకు పనివారు దొరకని దేశమున తానే నేర్చుకొనువాడు కొంతకాలమునకు పదిమందికి పనివా డగును.

ఇంటి వేడుకలకు కదలుబొమ్మ వచ్చుట మఱి ఆఱు దశాబ్దులకు గాని జరుగలేదు. పాశ్చాత్య గృహస్థులకు 16 మి.మీ. ఫిలిము 1923లోను, 8 మి.మీ. ఫిలిము 1932లోను చేతికి వచ్చినను, వెలయు, కడిగించు కష్టమును పెద్దవగుటచే మనయొద్ద అవి ధనికుల యిండ్లను దాటలేదు. 1976లో జపానున వెలువడిన వీ.హెచ్.ఎస్. టేపునకు కడుగుటయే యక్కఱలేదు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల యేట రంగుల టెలివిజను ప్రవేశించెను. గల్ఫు దేశములకు పోయిన కరీంనగరు, కడప, కోనసీమల కార్మికులు సెలవులకు వచ్చుచు వీసీఆరులను మోసికొనివచ్చిరి. చూచు యంత్ర మింట నుండగా, చూచుటకు సొంత పెండ్లి యేల ఉండరాదు?

అంతట తెలుగునాట పెండ్లిపందిరిలో పురోహితునకు పోటీగా మఱియొక అధికారి వెలసెను. భుజముపై బరువైన కెమెరా, వెనుక బ్యాటరీ సంచి, ప్రక్కన సన్‌గన్ లైటు పట్టుకొన్న కుఱ్ఱవాడు, వానివెనుక పాములవలె వైర్లు. జీలకఱ్ఱ బెల్లము పెట్టు సుముహూర్తమున వీడియోవారు, ఫోటోవారు పీటలచుట్టు మూగగా, అక్షతలు చేతపట్టుకొన్న బంధువులకు వారి వీపులే కనబడుట అప్పుడు మొదలైన ఆచారము. తాళి కట్టిన పిమ్మట, మఱొకసారి పట్టుకొని ఇటు చూడుమని వరుని నిర్బంధించుటయు అట్టిదే. మంగళసూత్రధారణకు రెండవసారి యేమిటని కసురుకొన్న పురోహితులును కలరు. మూడుగంటల క్యాసెట్టు నిండిన పిమ్మట ‘మిక్సింగు’ అను తంతు. స్టూడియోవారు సినిమాపాటలు చేర్చి, తామరపూవు విచ్చుకొనగా అందులోనుండి వధువు ముఖము వచ్చునట్లును, హృదయాకారములో దంపతులు తేలిపోవునట్లును కూర్చి యిచ్చువారు. దీనిని చూచి నవ్వువారు నవ్వవచ్చును గాని, ఆ క్యాసెట్టు దుబాయిలోని అన్నకు, అమెరికాలోని అక్కకు చేరి, రాలేకపోయిన ముహూర్తమును వారి కనులకు చూపినది.

ఆ రోజులలో ప్రతి పెండ్లిలోను వీడియోవాని ప్రక్కన ఇంటిమనిషి యొకడు తప్పక నిలుచువాడు. ‘ఈయన పెండ్లికూతురి మేనమామ, ఆ మూల కూర్చున్నావిడ పెద్దమ్మమ్మ, ఆమెను దగ్గఱగా తీయి బాబూ’ యని చెవిలో చెప్పుట వాని పని. కూలికి వచ్చినవానికి వెలుతురు తెలియును, వరుసలు తెలియవు. ఈ చెప్పువాడు కొరవడిన పెండ్లివీడియోలలో అప్పగింతలవేళ ఏడ్చు తల్లిని విడిచి, పట్టుచీర బాగున్నదని ఎవరో పొరుగింటామెను పావుగంట చూపిన సందర్భములు అనేకము. పిన్నమామయో బావమఱదియో సొంత హ్యాండీక్యామ్ తెచ్చి తీసినచోట వేఱు చిక్కు: వరుసలన్నియు తెలియును, బొమ్మలన్నియు వణకును, పైగా ఆ తీసినవాడు ఒక్క చిత్రమునను కనబడడు. తలంబ్రాలవేళ నవ్వవలసినవాడు, అన్నము వడ్డించు పంక్తిలో తిరుగవలసినవాడు, రోజంతయు ఒక కన్ను మూసికొని నిలిచి, తన యింటి పెండ్లికి తానే అతిథి కాకపోయెను.

ఫోనులో కెమెరా యమరిన పిమ్మట ఈస్ట్‌మన్ తనయొద్ద నుంచుకొన్న కష్టభాగము కూడ ఇంటివాని యఱచేతికి వచ్చినది. తీయుట, కోయుట, పాట చేర్చుట, లోకమునకు పంపుట అంతయు ఒక్క పలకపై జరుగుచున్నది. జగిత్యాల ప్రాంతపు లంబాడిపల్లెలో యువకులు తమ యూరివారితోనే తీసిన చిన్న చిత్రములను యూట్యూబు ద్వారా లోకమంతయు చూచినపుడు, వానిలో నటించిన ముసలి గంగవ్వ ఇంటింటి పేరైనపుడు, ఇక వృత్తివారి పని తీఱినదని కొందఱు తలచిరి. 2020లో కరోనా కారణమున పెండ్లికి ఏబదిమందికి మించి రారాదన్న నిబంధన వచ్చినపుడు, ఇంటి కుఱ్ఱవాడు ఫోను పట్టుకొని వందలమంది బంధువులకు పెండ్లి చూపించిన యిండ్లును కలవు. అయినను ఆ కష్టకాలము తీఱగానే పందిరిపైన డ్రోనులు ఎగిరినవి. పెండ్లికి ముందే చెఱువుగట్టున చిత్రీకరణము, సాయంకాలమునకు ఎల్‌ఈడీ తెఱలు, నలుగురైదుగురు కెమెరామెన్లు. యంత్రము చవుకయగుటచేత పనివాడు మాయమగుట ఇప్పటికిని జరుగలేదు. ఏలయనగా జనులు అద్దెకు తెచ్చుకొన్నది యంత్రమును కాదు, ఆ వేడుకలో వేఱు పని లేని ఒక జత కన్నులను.

కావున నా తీర్పు అడిగినచో ఇట్లు చెప్పుదును: తాను పీటలపై కూర్చుండవలసిన, లేక పీటలచుట్టు తిరుగవలసిన శుభకార్యమునకు పనివానిని కుదుర్చుకొనుటయే మేలు, తాత కథ చెప్పుట, అమ్మమ్మ ఆవకాయ కలుపుట, చంటివాడు తొలి యడుగు వేయుట వంటివానికి ఇంటివాని వణకుచేయియే తగును, అచట కూలివాడు కాలు పెట్టినచో తాత కథ మఱచును.

దీనదయాళుని గాజు నెగెటివులలో 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున నేటికిని భద్రముగా నున్నవి. మన 1980, 1990ల పెండ్లి క్యాసెట్టులకు అట్టి భాగ్యము లేదు. మన తేమగాలికి టేపునకు బూజు పట్టును, అయస్కాంతపు పూత బలహీనపడును. వీసీఆరులు చేయుచుండిన జపాను ఫునాయ్ సంస్థ 2016 జూలైలో ఆ తయారీని నిలిపివేసినది. బీరువాలో అట్టి క్యాసెట్టు కలవారు, అటకమీది పాత వీసీఆరును దింపి తామే ఆడించి చూడవలదు. చెడిన యంత్రము టేపును నమిలివేయును. ఆ పనిని బాగుగా నడచు యంత్రమున్న స్టూడియోవానికే యిచ్చి, డిజిటల్ ప్రతి చేయించి, అసలు క్యాసెట్టును కూడ తిరిగి పుచ్చుకొనుడు. పిదప ఇంటి పెద్దలను తెఱయెదుట కూర్చుండబెట్టి, ఎవరెవరో అడిగి పేర్లు వ్రాసికొనుడు. ఆ పనికి మాత్రము కూలివాడు దొరకడు, పెద్దలున్నప్పుడే కావలెను.